నాలుగో గ్రేడు

జనవరి 11

చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. ఒక్క కుడిచేత్తో. పై గుండీ కింది కాజాలో దూరింది, అయినా పెట్టుకున్నట్టే. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "అబ్బో, పెళ్లికొడుకు తయారైపోయాడే!" అంది. నవ్వుతూనే అన్నీ విప్పి మళ్లీ సరిగ్గా పెట్టింది.

జనవరి 12

ఎడమ కాలు ఇవాళ మాట వినలేదు.

జనవరి 14

రోజూ ఏదో ఒకటి రాయమని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. మెదడుకి తుప్పు పట్టకుండా ఉంటుందట. ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. పక్షవాతం ఎడమ వైపుకి వచ్చింది కాబట్టి రాసే చెయ్యి మిగిలింది. మాట కాస్త ముద్దగా వస్తుంది గానీ వస్తుంది. బుర్ర బాగానే ఉంది. ఇది మాత్రం రాసిపెట్టుకోవాలి. బుర్ర బాగానే ఉంది.

తను చదువుతుందన్న భయం లేదు. నా అక్షరాలు తనకి అర్థం కావు. పెళ్లైన కొత్తలో నేను రాసిన ఉత్తరాలకి ఏం జవాబివ్వాలో తెలియక, అన్నిటికీ "అలాగే" అని రాసేదట. ఈ సంగతి పదేళ్ల తర్వాత చెప్పింది.

జనవరి 17

ప్రభుత్వ సంరక్షణ బీమా వాళ్లు పంపే మనిషి వచ్చి స్నానం చేయించి వెళ్లింది. మనిషి ఎంత లేవలేకపోతే అంత పెద్ద గ్రేడు, అంత సాయం. నాది రెండో గ్రేడు. అంటే వారానికి మూడుసార్లు స్నానం, అంతే. మిగతాదంతా తనే చేయాలి. లేపడం, కూర్చోబెట్టడం, బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, మళ్లీ తీసుకొచ్చి పడుకోబెట్టడం. పిల్లలు లేరు. ఉంటే ఎలా ఉండేదో అన్న మాట మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తం.

స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో తను కటింగ్ మాస్టరు. సెలవు పెట్టి కూర్చుంది. ఫిబ్రవరి ఆఖరుదాకా చూస్తానన్నాడట యజమాని. తర్వాత ఆ బల్ల దగ్గర ఇంకొకరు నిలబడతారు.

జనవరి 20

పడ్డాం. ఇద్దరమూ.

బాత్రూమ్‌లో నన్ను లేపబోయి తను జారింది, నేను తన మీద పడ్డాను. ముందు నవ్వొచ్చింది. తడి నేల మీద అలా పడి నవ్వుతూనే ఉన్నాం. "లేవండి మహానుభావా" అంది. "నువ్వు లేస్తే నేను లేస్తా" అన్నాను. తను లేవబోయి మధ్యలో ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు. నడుం పట్టుకుని అలాగే ఉండిపోయింది, వంగీ వంగకుండా.

పక్క ఫ్లాటువాళ్లకి వినబడేదాకా మగ్గుతో తలుపు బాదాను.

జనవరి 21

డిస్కు జరిగిందన్నారు. బరువులెత్తకూడదట. తను రోజూ ఎత్తే బరువు ఎవరో డాక్టరుకి చెప్పలేదట.

జనవరి 24

బావమరిది వచ్చాడు. ఆఫీసుల వీధిలో జిరాక్స్ కొట్టు వాడిది. అర్జీలు నింపి పెడుతుంటాడు. ప్రభుత్వ పథకాలన్నీ తానే రాసినట్టు మాట్లాడతాడు. వచ్చీ రాగానే నా మంచం మీద కూర్చున్నాడు.

"బావా, నవంబర్లో అంచనా వేయడానికి ఆసుపత్రికి వచ్చిందే ఒకావిడ, ఆవిడ ముందు నువ్వు లేచి నిలబడ్డావా లేదా?"

"నిలబడ్డాను."

"ఎవరు నిలబడమన్నారు?"

"లేవగలరా అనడిగింది. లేచాను."

"అదిగో. అక్కడే కొంప ముంచావు. నువ్వు లేస్తే ఇంక వాళ్లెందుకు లేపుతారు?" వాళ్లక్క వైపు తిరిగాడు. "అక్కా, మూడో గ్రేడు వస్తే పొద్దుట్నుంచి సాయంత్రందాకా మనిషినిస్తారు. నువ్వు హాయిగా పనికి పోవచ్చు. మళ్లీ అంచనాకి అర్జీ పెడతా. బావ ఈసారి లేవకూడదు. అంతే."

"లేవగలిగితేరా?" అన్నాను.

"లేవగలిగినా లేవకూడదు."

తను నడుముకి బెల్టు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని పగలంతా నిలబడే ఉంటోంది.

జనవరి 30

ఇరవై ఎనిమిదేళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపాను. స్టీరింగ్ ముందు కూర్చోగానే ఏడ్చేసినవాళ్లని కూడా పాస్ చేయించాను. ఇప్పుడు ఫెయిలవడం నేర్చుకుంటున్నాను. నేను మంచి శిష్యుణ్ణి కాదు.

తను కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని పరీక్షకురాలైంది. "చెయ్యి పైకెత్తండి." ఎత్తాను. "ఎత్తకండీ!" మళ్లీ మొదలు. "కప్పు పట్టుకోండి." బావమరిది వెనకనుంచి "వదిలెయ్ బావా, వదిలెయ్" అన్నాడు. వదిలేశాను. పగిలింది. తను పుట్టింటినుంచి తెచ్చుకున్న పింగాణీ కప్పు అది. "నిజంగా పగలగొట్టించమన్నానట్రా నిన్ను!" అని తమ్ముణ్ణి తిట్టి, నవ్వబోయి, నడుం పట్టుకుంది.

గుండీలు పెట్టుకోవడం మానేశాను. అలవాటు తప్పాలి కదా.

ఫిబ్రవరి 6

బీమా ఆవిడ వచ్చింది. నవంబర్లో వచ్చినావిడే. కళ్లజోడుకి గొలుసు, చేతిలో టాబ్లెట్, ముక్కు దిబ్బడ. కుర్చీ చూపిస్తే నిలబడే ఉంది. బహుశా రోజుకి నాలాంటివాళ్లని చాలామందిని చూడాలి కాబోలు.

లేవమంది. మంచం పట్టె పట్టుకుని సగం లేచి కూలబడ్డాను. మొహం అటు తిప్పుకుంది. జాలిపడిందనుకుంటాను. చెయ్యెత్తమంటే వేళ్లు కదిపాను. కప్పు ఇస్తే వదిలేశాను. ప్లాస్టిక్ కప్పు. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. తను గుమ్మం దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది, పరీక్ష రాస్తున్న పిల్లాడి తల్లిలాగా.

అప్పుడు బీమా ఆవిడ, "ఇది ఏ నెల అండీ?" అని అడిగింది.

ఇది మేం సాధన చేయలేదు. బావమరిది చెప్పలేదు. నాకు ఊపొచ్చింది. ఎదుటివాడు పాస్ చేయడానికి సిద్ధంగా ఉన్నాడని తెలిసినప్పుడు వచ్చే ఊపు.

"ఏప్రిల్" అన్నాను.

తన వైపు చూపించి, "ఈవిడ ఎవరు?" అంది.

"మా అమ్మ" అన్నాను.

బీమా ఆవిడ తలెత్తలేదు. వేలితో టాబ్లెట్ మీద ఏదో నొక్కింది. స్టవ్ మీద ఏమైనా పెట్టి మరచిపోతారా అంది. అవునన్నాను. బయటికెళ్లి దారి తప్పుతారా అంది. నవ్వాను, ఏమీ తెలియనివాడిలాగా. ఎంత బాగా నవ్వానో.

ఆవిడ వెళ్లాక తను నన్ను మంచం మీద సర్దుతూ, "మీ అమ్మనా నేను? మీ అమ్మ ఎలా ఉండేదో తెలుసుగా" అంది. కడుపు పట్టుకుని నవ్వాం.

ఫిబ్రవరి 7

బావమరిదికి ఫోన్లో చెప్పాను. గొప్పగానే చెప్పాను. "నెల కూడా తప్పు చెప్పావా?" అని అడిగాడు. "సరేలే బావా, చూద్దాం" అన్నాడు.

ఫిబ్రవరి 25

నాలుగు వచ్చింది.

మూడు కాదు. నాలుగు.

నాలుగు అంటే మతి తప్పి, ఒంటరిగా వదలకూడని మనిషి అని. నాలుగుకి ఇంటికి మనిషినివ్వరు. ఇల్లు క్షేమం కాదట. సంరక్షణ కేంద్రంలో మంచం ఇస్తారు, ఖర్చు బీమాయే పెట్టుకుంటుంది. వద్దంటే ఏమీ ఇవ్వరు. ఇప్పుడొచ్చే స్నానం మనిషి కూడా ఆగిపోతుంది.

"అబద్ధమని చెప్పేద్దాం" అంది తను.

"చెప్తే మోసం కేసు" అన్నాడు బావమరిది. "ఇద్దరి మీదా. ఆరు నెలల తర్వాత వాళ్లే మళ్లీ అంచనాకి వస్తారు. అప్పుడు తగ్గిందని చూపిద్దాం. ఆరు నెలలు ఎంతలో గడుస్తాయి అక్కా."

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 3

రేపు వెళ్లాలి. తను సంచి సర్దుతోంది. బట్టల మీద దారంతో గుర్తులు కుడుతోంది, చాకిరేవులో కలిసిపోకుండా. కుట్టు ఎంత నేర్పుగా వేస్తుందో. లోలోపలే, బయటికి కనబడకుండా.

మార్చి 5

రెండు మంచాల గది. కిటికీలోంచి ఇంకో గోడ కనిపిస్తుంది. పక్క మంచం ఆయన ఒకప్పుడు ఇళ్లు కట్టించేవాడట, అందరూ కాంట్రాక్టరు అంటారు. పగలల్లా గోడలు తట్టి చూస్తుంటాడు. "డొల్ల. మొత్తం డొల్ల. బిల్లు ఆపండి" అంటాడు.

ఇక్కడ బాగానే ఉంది.

మార్చి 6

ఆయా నన్ను తాతా అంటుంది. నాకు యాభై తొమ్మిది. చెప్పబోయి ఆగాను. నా వయసు నాకు తెలియకూడదు.

మార్చి 9

నిన్న నా ముందే నా గురించి మాట్లాడుకున్నారు, ఆయా, నర్సు. "ఈయనకి ఏమీ తెలియదు పాపం. కొత్తలో నవ్వుతుంటారు, తర్వాత అదీ పోతుంది" అంది నర్సు. కుర్చీ గురించో కర్టెన్ గురించో మాట్లాడుకుంటున్నట్టు ఉంది. నేను నవ్వాను.

రాసుకోవడానికి అడ్డు లేదు. "గీతలు గీసుకో తాతా" అంటుంది ఆయా. నా చేతిరాత ఇన్నాళ్లకి ఉపయోగపడింది.

మార్చి 15

వ్యాయామం ఎప్పుడని తనచేత అడిగించాను. నాలుగో గ్రేడుకి వ్యాయామం లేదట. బాగుపడే అవకాశం ఉన్నవాళ్లకే ఇస్తారట. ఇంట్లో ఉన్నప్పుడు ఎడమచేతి వేలు కదిలేది. ఇప్పుడు కదలడం లేదు. లేక నేను కదపడం లేదో.

తను రోజూ వస్తోంది. కార్ఖానాకి మళ్లీ వెళ్తోంది. బల్ల ఎవరికీ ఇవ్వలేదట. గుసగుసగా మాట్లాడుకుంటాం. ఎవరైనా వస్తే నేను నోరు తెరిచి గోడ వైపు చూస్తాను, తనకి నవ్వాగదు.

ఏప్రిల్ 2

నాకు నేనే గురువుని. భోజనాల తర్వాత ఆయాలు అటు వెళ్తారు. అప్పుడు మంచం పట్టె పట్టుకుని లేస్తాను. నిలబడతాను. కూర్చుంటాను. మళ్లీ. క్లచ్ వదలడం నేర్పినట్టే, మెల్లగా, మెల్లగా, వణుకు వచ్చేచోట ఆగి.

కాంట్రాక్టరు చూశాడు. "ఎడమ పక్క కుంగుతోంది. పునాది చూసుకో" అన్నాడు. సరిగ్గానే చెప్పాడు.

ఏప్రిల్ 19

తను రాలేదు.

ఏప్రిల్ 20

తను రాలేదు. పని ఎక్కువై ఉంటుంది. స్కూళ్లు తెరిచే ముందు వాళ్లకి ఊపిరాడదు.

ఏప్రిల్ 23

వచ్చింది. సెలవు రోజున వస్తానంది ఇకనుంచి. బస్సులు మారి రావాలి, నడుముకి ఆ కుదుపు మంచిది కాదు. నేనే అన్నాను, రోజూ వద్దని. నేనే అన్నాను.

మే 14

కాంట్రాక్టరు ఇవాళ నర్సుని పిలిచి, నన్ను చూపించి, "ఇతను బాగానే ఉన్నాడు. ఇక్కడేం చేస్తున్నాడు? పంపించేయండి" అన్నాడు. నర్సు, "అలాగే సార్, మీరు ముందు మాత్ర వేసుకోండి" అంది.

నా సంగతి తెలిసింది ఇక్కడ ఒక్కడికే. వాడి మాట ఎవరూ నమ్మరు.

జూన్ 8

కిటికీదాకా వెళ్లాను. గోడ పట్టుకుని. కిటికీ చువ్వకి నుదురు ఆనించి ఊపిరి తీసుకున్నాను. అవతలి గోడ మీద పెచ్చు ఊడినచోట ఏదో మొక్క మొలిచింది. తనకి చెప్పలేదు. అంచనా రోజు చూపించి ఆశ్చర్యపరుస్తాను.

జూన్ 29

తనని ఫ్లోర్ సూపర్‌వైజరుని చేశారట. నలభై మెషీన్లు తన కిందే. చెబుతుంటే ఫోన్ వచ్చింది, కార్ఖానా ఆడవాళ్లెవరో. తను కారిడార్‌లోకి వెళ్లి మాట్లాడింది. నవ్వింది. చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు నేను మరచిపోయాను. పెళ్లికి ముందు వాళ్ల మేడ మీదినుంచి వినబడేది.

తిరిగొచ్చాక, "ఎందుకంత నవ్వు?" అన్నాను. "ఏం లేదులెండి, కార్ఖానా గొడవ" అంది.

నాకు కోపం వచ్చింది. ఎందుకో రాయను.

జూన్ 30

తను వొళ్లు చేసింది. బెల్టు లేకుండా నడుస్తోంది. కళ్ల కింది నలుపు పోయింది. ఇవన్నీ నిన్ననే చూశాను, రాయలేదు.

జులై 21

బావమరిది ఒక్కడే వచ్చాడు. స్టూలు దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"కొత్త ఉత్తర్వు వచ్చింది బావా. మూడో గ్రేడుకి ఇకనుంచి రోజుకి రెండు గంటలే మనిషినిస్తారు. డబ్బు చాలడం లేదట పథకానికి."

"రెండో గ్రేడుకి?"

"ఎత్తేశారు." నేల చూశాడు. "సెప్టెంబర్లో నీ అంచనా. అదే ఆఖరు. మళ్లీ నాలుగే వస్తే శాశ్వతం. ఇంక వాళ్లు రారు, మనం అడగడానికీ ఉండదు."

"మీ అక్కకి తెలుసా?"

"చెప్పాను. ఆయన్ని ఇంటికి తెచ్చుకుంటాను, పని మానేస్తాను అంది."

"నడుమో?"

వాడు మంచం పక్కన నీళ్లసీసా మూత తిప్పి తిప్పి బిగించాడు. తర్వాత, "డాక్టరు ఏమన్నాడో చెప్పమంటావా?" అన్నాడు.

"చెప్పు."

"ఇంకోసారి డిస్కు జరిగితే ఆపరేషన్ అన్నాడు. అయినా కాళ్లు పూర్తిగా వస్తాయని చెప్పలేనన్నాడు. అక్క నీకు చెప్పొద్దంది. నేను చెప్పానని చెప్పకు."

వాడెళ్లాక కాంట్రాక్టరు, "ఎవరతను? మేస్త్రీనా?" అన్నాడు. అవునన్నాను.

జులై 22

ఇంటికి వెళ్తాను. జాగ్రత్తగా ఉంటే పడం. నేను ఇప్పుడు నిలబడగలను. తను ఎత్తనవసరమే లేదు.

జులై 26

ఇవాళ కిటికీ దగ్గరినుంచి తిరిగొస్తూ పడ్డాను. ఎవరూ చూడలేదు. మంచంమీదికి ఎక్కలేక, ఆయా వచ్చేదాకా నేల మీదే ఉన్నాను. ఆవిడొక్కతే లేపలేక ఇంకో ఇద్దరిని పిలిచింది. ముగ్గురు కలిసి లేపారు.

ముగ్గురు.

ఆగస్టు 3

ఇంటికి వెళ్తాను.

ఆగస్టు 17

ఆశ్చర్యపరచాలన్న సరదా పోయింది. తను రాగానే చెప్పేశాను. కిటికీదాకా నడుస్తున్నానని. నడిచి చూపించాను కూడా.

"అయ్యో, ఎంత మంచి మాట!" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దగ్గరికొచ్చి నా మొహం రెండు చేతుల్తో పట్టుకుంది.

ఇన్నేళ్లు పక్క సీట్లో కూర్చుని ఎదుటివాళ్ల పాదాల మీదే కన్నేసి బతికాను. లారీ ఎదురొస్తుంటే మొహం నవ్వుతూనే ఉంటుంది, పాదం మాత్రం బ్రేకు వెతుక్కుంటుంది. తను "అయ్యో, ఎంత మంచి మాట" అనడానికి ముందు, ఒక్క రెప్పపాటు, తన పాదం బ్రేకు మీదికి వెళ్లింది.

నేను తప్పు చూసి ఉంటాను.

ఆగస్టు 18

తప్పు చూసి ఉంటాను. ఎవరికైనా కంగారుగానే ఉంటుంది. తను నన్ను వదిలించుకోవాలనుకునే మనిషి కాదు. ఆ మాట ఎవరైనా అంటే కొడతాను. ఇక్కడ ఎవరూ అనడం లేదు. నేనే అంటున్నాను.

ఆగస్టు 31

బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించిందట. తలుపు వెడల్పు చేయించిందట. సూపర్‌వైజరు పని ఇంకొకామెకి నేర్పుతోందట. "మంచి పిల్ల. త్వరగా పట్టేసింది" అంది. నా దుప్పటి అంచు మడతపెడుతూ, విప్పుతూ, మడతపెడుతూ చెప్పింది.

"నీకు ఇష్టమేనా?" అన్నాను.

"ఏమిటి?"

"పని మానేయడం."

"ఇష్టమేమిటండీ, పనే కదా" అంది. "మీరు లేని ఇల్లు ఒక ఇల్లా?"

ఇది నిజమే. తను అబద్ధం చెప్పడం లేదు. అదే చిక్కు.

సెప్టెంబర్ 8

రేపే. తను ఇస్త్రీ చేసిన చొక్కా పంపింది.

సెప్టెంబర్ 9

పొద్దున్నే వచ్చింది. గుండీలు పెట్టింది, తల దువ్వింది. "అన్నీ చూపించండి. నెల చెప్పండి, వారం చెప్పండి, కిటికీదాకా నడవండి. దేనికీ తగ్గొద్దు" అంది. లైసెన్స్ పరీక్షకి ముందు నా శిష్యులకి నేను చెప్పే మాటలే ఇవి. నేను కూడా అలాగే అనుకుని వెళ్లాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, అలాగే అనుకుని వెళ్లాను.

చూడ్డానికొచ్చేవాళ్లు కూర్చునే గది. అదే బీమా ఆవిడ. ఈసారి కుర్చీలో కూర్చుంది. అలిసిపోయి ఉంది.

"ఇది ఏ నెల అండీ?"

"సెప్టెంబర్."

ఆవిడ తలెత్తి చూసింది. తను నా పక్క కుర్చీలో ముందుకి జరిగింది.

"మనం ఎక్కడున్నాం?"

"సంరక్షణ కేంద్రంలో."

"బాగుంది" అంది ఆవిడ. నిజంగానే సంతోషించినట్టుంది. "ఒకసారి లేచి నిలబడతారా?"

కుర్చీ చేతి మీద కుడిచెయ్యి ఆనించాను. కాలు బిగించాను. అప్పుడు తను లేచింది. నేను పడతానేమోనని. తనకి తెలియకుండానే లేచింది. ఎడమ చెయ్యి తన నడుం మీద వేసుకుని, కుడిచెయ్యి నా చంక కిందికి చాపి, మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టింది. ఆ బాత్రూమ్‌లో నిలబడ్డట్టే నిలబడింది. పళ్లు కరిచిపట్టుకుంది.

నేను కూర్చుండిపోయాను.

"ఫరవాలేదు, మళ్లీ ప్రయత్నించండి" అంది బీమా ఆవిడ.

ఆవిడ వైపు చూసి నవ్వాను. ఏమీ తెలియనివాడి నవ్వు. ఆరు నెలల్లో బాగా అలవాటైంది.

"లేవగలరు" అంది తను. "నిన్నటిదాకా నడిచారు. నిజంగా నడిచారు మేడమ్. చూపించండీ. ఏమండీ, చూపించండి."

"ఈవిడ ఎవరు?" అంది బీమా ఆవిడ.

నేను తనని చూశాను. ఈసారి అమ్మ అనలేకపోయాను. తల అడ్డంగా ఊపాను.

వరసగా అడిగింది. కొన్నిటికి గోడ వైపు చూశాను. కొన్ని తప్పు చెప్పాను. ఆఖరుకి ఆవిడ టాబ్లెట్ బల్ల మీద బోర్లించింది. కళ్లజోడు తీసేసింది. అందులో లేని ప్రశ్న అనుకుంటాను.

"మీకు ఇంటికి వెళ్లాలని ఉందా?"

"ఎవరింటికి?" అన్నాను.

తను మొహం చేతుల్లో దాచుకుంది. ఏడ్చింది. గట్టిగా, ఆగకుండా ఏడ్చింది. ఆ ఏడుపులో ఏముందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

సెప్టెంబర్ 10

ఇక్కడ బాగానే ఉంది. భోజనం వేళకి పెడతారు. పడితే లేపడానికి ముగ్గురున్నారు.

సెప్టెంబర్ 13

తన కోసం చేశానని రాసుకోవాలని ఉంది. రాయను. ఇంటికి వెళ్లడానికి నాకూ భయమేసి ఉండొచ్చు. ఆ తలుపు, ఆ కడ్డీలు, తన మొహం. ఇక్కడ నన్ను చూసి ఎవరి పాదమూ బ్రేకు మీదికి వెళ్లదు.

సెప్టెంబర్ 16

శాశ్వతం అని కాగితం వచ్చిందట. బావమరిది వచ్చి ఆయాకి చెప్పి వెళ్లాడు. నా దగ్గరికి రాలేదు. గుమ్మంలోంచి చూశాడు.

సెప్టెంబర్ 21

సెలవు రోజు. తను వచ్చింది. గదిలో ఎవరూ లేకుండా చూసుకుంది. కాంట్రాక్టరు నిద్రపోతున్నాడు. తలుపు దగ్గరికి వేసి, మంచం మీద నా కుడిపక్కన కూర్చుంది.

"ముందు రెండూ సరిగ్గా చెప్పారు" అంది. "నెల చెప్పారు. ఇక్కడి పేరు చెప్పారు. నేను లేచాక మానేశారు."

నేను గోడ వైపు చూశాను.

"ఇటు చూడండి. ఇంకెవరూ లేరు. నాకొక్కదానికి చెప్పండి చాలు. కావాలనే చేశారు కదూ?"

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. రేపే ఆఫీసుకి వెళ్తుంది. కేసు పెట్టుకోమంటుంది. జైలుకైనా వెళ్తాను గానీ ఆయన్ని పంపండి అంటుంది. తీసుకెళ్తుంది. లేపుతుంది. పడేదాకా లేపుతుంది.

తన చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది.

"అందులో ఏముంది?" అన్నాను.

"బిస్కెట్లు."

"నాకేనా?"

నా కళ్లల్లోకి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో తన మొహంలోకి చూస్తూ అబద్ధమాడి నెగ్గింది లేదు. సిగరెట్ల విషయంలో నెగ్గలేదు, స్కూలు కారు తాకట్టు పెట్టిన విషయంలో నెగ్గలేదు. చూస్తూనే ఉంది. నేను రెప్ప వేయలేదు. సంచి మీదికి చెయ్యి చాపాను, పిల్లాడు చాపినట్టు.

ఇవాళ నెగ్గాను.

తను బిస్కెట్ ప్యాకెట్ చింపి ఒకటి నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. పొడి నా చొక్కా మీద పడితే దులిపింది. తర్వాత ఎంతో బరువు దించుకున్న మనిషిలా వెనక్కి వాలి, నా కుడిభుజం మీద తల ఆనించింది. ఏడుస్తుందనుకున్నాను. నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని, గురక పెడుతూ నిద్రపోయింది. నేను బాగున్న రోజుల్లో కూడా పగలు నిద్రపోయేది కాదు.

చెయ్యి తిమ్మిరెక్కింది. నాకున్న మంచి చెయ్యి అదొక్కటే. కదపలేదు.

సాయంత్రం ఆయా తలుపు తీసేసరికి ఉలిక్కిపడి లేచింది. జుట్టు సర్దుకుంది.

"అయ్యో, నిద్ర పట్టేసింది" అంది. ఆయాతో అంది. చెప్పులు వేసుకుంటూ ఆయానే అడిగింది. "మధ్యాహ్నం సరిగ్గా తిన్నారా ఈయన?"

తిన్నాను.